మొక్కుబెల్లం

మా చెల్లెలి ఇంటి దేవుని గదిలో కొంతకాలం పాటు బెల్లం దిమ్మలు ఉండేవి. గోడవారగా వేసిన చెక్కబల్ల మీద వాటిని ఒకదానిపై ఒకటిగా పేర్చి, పసుపునీటిలో ముంచి ఆరవేసిన కోరావస్త్రం కప్పి ఉంచేది. చీమలు చేరకుండా బల్లకాళ్ళ కింద నీటి పళ్ళేలు పెట్టింది. ఆ గది తలుపు తీస్తే ముందు కర్పూరపు వాసన, దాని వెనుకనే కొత్తబెల్లపు వాసన తగిలేవి. ఆ దిమ్మలను వంటకు ముట్టుకోరాదు. అవి అమ్మవారివి.

ఆ ఇల్లు గోపాలపట్నంలో, పెద్దరోడ్డు రొదకు రెండు వీధుల లోపల ఉంది. తెలుగు పండితునిగా ఉద్యోగవిరమణ చేసి, భార్య పోయిన తరువాత, నేను ఆ ఇంటి వీధివైపు గదిలో ఉంటున్నాను. చెల్లెలు, ఆమె కొడుకు, కోడలు, నేను; ఇంట్లో ఇంతే మనుషులం. మేము పుట్టినది సబ్బవరం దాటిన తరువాత వచ్చే ఒక రైతుపల్లె. నన్ను చిన్ననాడే సంస్కృత పాఠశాలకు పంపినందున నా మాటతీరు మారిపోయింది. చెల్లెలి మాట మారలేదు. నేను మాట్లాడుతుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వు వస్తుంది.

మేనల్లుడు రేవులో క్రేను నడుపుతాడు. ఓడ కడుపులో నుండి బొగ్గునో, ఎరువుల బస్తాలనో ఎత్తి ఒడ్డున దించే యంత్రం అది. ఇనుపనిచ్చెన ఎక్కి, ఎత్తున ఉన్న గాజుగదిలో కూర్చుని, పాదాల మధ్య నుండి కిందికి చూస్తూ పని చేయాలి. దానిని వాళ్ళు క్యాబిన్ అంటారు. ఒక వారం పగలు, మరొక వారం రాత్రి, ఇంకొక వారం రెండింటికీ నడుమ, ఇలా వేళలు మారుతూ ఉంటాయి. అతడు రేవు ఉద్యోగి కాడు, ఒక కంట్రాక్టు సంస్థ మనిషి. ఆ కంట్రాక్టు చేతులు మారబోతున్నదనీ, వచ్చేవారు తమకు కావలసిన వారిని మాత్రమే క్యాబిన్లో ఉంచుతారనీ ఒక వార్త పుట్టింది. పుట్టిన వార్త అబద్ధమూ కాలేదు, నిజమూ కాలేదు. నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఈ వారం ఒకరిని తీసేస్తారంటారు, వచ్చేవారం అందరినీ ఉంచుతారంటారు. ఫోను మోగినప్పుడల్లా అతడు లేచి నిలబడి మాట్లాడేవాడు.

చెల్లెలు మొక్కింది అప్పుడే. మా ఊరి అమ్మవారి గుడిలో మండపపు దూలానికి పెద్ద తక్కెడ వేలాడుతుంది. కోరిక తీరినవారు ఒక పళ్ళెంలో కూర్చుంటే, రెండవ పళ్ళెంలో వారికి సరితూగేంతవరకు బెల్లం పేరుస్తారు. తరువాత దానిని పగలగొట్టి ఊరికి పంచుతారు. ఆమె మొక్కిన మాటలు నేను విన్నవే.

“ఈ గుంటడి పని నిలబెట్టు తల్లీ. పని నిలబడిన నాటికి ఆడెంత బరువుంటే అంత బెల్లం తూసి నీకిత్తాను.”

అప్పటికి అతడు సన్నని మనిషి. బెల్లం ఒక్కసారిగా కొనడం ఆమె అలవాటు కాదు. పనిమీద పూర్ణా మార్కెట్‌కు వెళ్ళినప్పుడల్లా ఒక దిమ్మ చొప్పున తెచ్చేది. దుకాణంలో గోటితో గీరి నాలుకకు రాచుకునేది కాదు, మొక్కుబెల్లం కనుక. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వేలి కణుపుతో తట్టి చప్పుడు విని బేరం చేసేది. బస్సులో ఒడిలో పెట్టుకుని పసిపిల్లను తెచ్చినట్లు తెచ్చేది.

బల్ల మీద దిమ్మలు పెరుగుతుండగా మేనల్లుడు కూడా పెరగసాగాడు. ముందు బుగ్గలు నిండాయి. తరువాత మెడ. ఆ తరువాత పెరిగినదంతా నడుము చుట్టే చేరింది. కాళ్ళూ చేతులూ ముందటిలాగానే ఉండగా, పొట్ట మాత్రం వేరొక మనిషిదిలా ముందుకు వచ్చింది. దాన్ని మొదట ఇంట్లో ఎవరమూ అపశకునంగా తలచలేదు.

“ఒల్లు సేసినాడు, సూసినావా అన్నియ్యా? అమ్మోరి సల్లని సూపు,” అనేది చెల్లెలు.

నేను కూడా ఆమె మాటనే నా ధోరణిలో అన్నాను. జీవితమంతా నేను పాఠం చెప్పిన కావ్యాలలో చింత మనిషిని చిక్కిపోయేలా చేస్తుంది. వియోగం కలిగిన నాయికకు కంకణాలు జారిపోతాయి, ఉంగరం వ్రేలికి వదులవుతుంది, రాజ్యం పోయిన రాజు శరదృతువు నాటి ఏరులా సన్నబడతాడు. దిగులుతో లావైన వారు నేను చదివిన ఏ పద్యంలోనూ లేరు. కనుక మేనల్లుని మనసు కుదుటపడిందని నిర్ణయించుకుని, ఆ సంగతి చెల్లెలికి ధైర్యంగా చెప్పాను. ఆమె సంతోషించి మరునాడే మరొక దిమ్మ తెచ్చింది.

కోడలు మాత్రం ఒప్పుకోలేదు. నా చెల్లెలికి కోడలైనందున వరుస ప్రకారం నన్ను పెదనాన్నా అంటుంది. “తిన్నవోడు లావైతే అర్దముంది పెదనాన్నా. కేరేజీ ఇప్పి సూడండి. సగం అన్నం సగంలాగే తిరిగొచ్చీసింది. మరి ఆ పొట్ట ఏటి తిని పెరగతంది?” అన్నది.

మేనల్లుని సహోద్యోగి ఒకడు ఉదయపు డ్యూటీ రోజుల్లో బండి మీద వచ్చి అతనిని ఎక్కించుకుని వెళ్ళేవాడు. వీధిలో నుండే కేకవేసేవాడు.

“బావా, బేగి రా! నువ్వెక్కితే నా బండి ముందు సెక్రం పైకి లెగుత్తంది. రేపు క్రేనుకి ఎనక బరువు కట్టే కౌంటర్ వెయిట్ బదులు నిన్నే కట్టీమందాం.”

“ముయ్యరా బావా. నీ బండికి గాలి నేదు, నా మీదేటి నెపం,” అనేవాడు మేనల్లుడు నవ్వుతూ. ఆ నవ్వు గుమ్మం దాటేవరకే ఉండేది. కిటికీ దగ్గర కూర్చున్న నాకు గుమ్మానికి అవతలి ముఖం కూడా కనబడేది.

కొత్త సంస్థ వచ్చింది. వచ్చీరాగానే క్యాబిన్లో కూర్చునే వారందరికీ వైద్య పరీక్షలు చేయించింది. మేనల్లునికి రక్తపోటు ఎక్కువగా ఉన్నదన్నారు. బరువు కూడా వాళ్ళు పెట్టుకున్న హద్దు దాటింది. నిచ్చెన ఎక్కేటప్పుడు ఒంటికి కట్టుకునే రక్షణపట్టీ నడుము దగ్గర కలవలేదు. కొంత గడువిచ్చి, మళ్ళీ పరీక్ష చేస్తామనీ, అప్పటికీ ఇలాగే ఉంటే క్యాబిన్ నుండి దింపేస్తామనీ చెప్పారు. దింపిన తరువాత నేల మీద ఏదైనా పని ఇస్తారో, ఇంటికే పంపుతారో చెప్పలేదు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చుండిపోయాడు. చదువు అంతంత మాత్రంగా సాగిన అతనికి ఆ క్యాబిన్ ఒక్కటే తాను గెలుచుకున్న చోటు. గాలి ఎంత వీచినా ఓడలో నుండి ఎత్తిన బస్తాను ఊగకుండా దించగలడని తోటివారు చెప్పగా విన్నాను.

ఆనాటి నుండి రాత్రి అన్నం బదులు చపాతీలు, ఉదయం డ్యూటీ లేకపోతే వీధుల వెంట నడక. చెల్లెలు పప్పులో తాళింపు నూనె కూడా తగ్గించింది. బరువు తగ్గలేదు. తగ్గలేదన్న దిగులుతో మరికొంత పెరిగాడు. ఇక చెల్లెలికి రెండు దిగుళ్ళు.

“ఈడు పెరిగితే మొక్కూ పెరుగుద్ది. ఇంకో దిమ్మ తేవాలి అన్నియ్యా,” అని ఒకటి. దిమ్మలను ఎలుకలు కొరుకుతున్నాయని మరొకటి. గోడవైపు ఉన్న దిమ్మ గుల్ల పడుతున్నదట. ఆమె బోను తెచ్చి కొబ్బరిముక్క గుచ్చి బల్ల కింద పెట్టింది. ఎలుక పడలేదు. ముక్క మార్చింది. మళ్ళీ పడలేదు. “సదువుకున్న ఎలకలా ఉంది, నీలాగ,” అన్నది నాతో.

ఒక మధ్యాహ్నం చెల్లెలూ కోడలూ నిద్రపోతున్నారు. మేనల్లుడు ఉదయపు డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చాడు. ఫోను మోగింది. “ఆ సార్... ఎవలు సెప్పినారు సార్... నాకేటి తెల్దు సార్...” అన్న మాటలు నా గదిలోకి వినబడ్డాయి. పారాయణ పుస్తకం కోసం నేను దేవుని గదిలోకి వెళ్ళాను. మేనల్లుడు నాకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో ఫోను ఇంకా వెలుగుతున్నది. కుడిచేయి పసుపు వస్త్రం కిందికి, దిమ్మల వెనుకకు మోచేతి వరకు వెళ్ళి ఉన్నది.

“ఎలుకవు నువ్వేనా?” అన్నాను.

తిరిగి చూశాడు. నోటి నిండా బెల్లం. మింగడానికి కొంతసేపు పట్టింది.

“మావయ్యా, అమ్మకి సెప్పకు.”

“ఎన్నాళ్ళ నుండి?”

“తెల్దు. ఫోనొత్తది. మాటాడతాను. పెట్టీసినాక సూసుకుంటే నోట్లో బెల్లముంటది. మజ్జిలో ఏటైందో నాకే తెల్దు.”

“అన్నం సరిగా తినవు కదా?”

“అన్నం దిగట్నేదు మావయ్యా. గొంతుకాడే ఆగిపోతంది. ఇది దిగుద్ది. ఇది నోట్లో ఏసుకుంటే కొంచెంసేపు గుండె నెమ్మదిస్తది.” చేతికి అంటిన బెల్లాన్ని చూసుకున్నాడు. “అమ్మోరి సొమ్ము తింతన్నానని తెలుసు. అందుకే పని సంగతి తేలట్నేదేమో. ఆ బయమేత్తే మల్లీ ఇంకో ముక్క. నానేటి సెయ్యాలి?”

వస్త్రాన్ని సరిచేసి, పుస్తకం తీసుకుని బయటికి వచ్చాను.

రెండు మూడు రోజుల తరువాత అతనిని వెంటబెట్టుకుని మద్దిలపాలెంలో ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆమె వయసులో నా శిష్యురాళ్ళలో చిన్నదానిలా ఉంది. కాగితాలు చూసి, ఏమి తింటావని అడగకుండా, రాత్రి ఎలా నిద్రపోతావని అడిగింది.

“ఏ రాత్రండీ? డూటీ ఉన్న రాత్రా, నేని రాత్రా?” అన్నాడు మేనల్లుడు.

ఆమె నవ్వింది. “డ్యూటీ లేని రాత్రి.”

“పడుకుంటానండి. ఫోను తలకాడ పెట్టుకుని పడుకుంటాను. అది మోగకపోయినా లేచి సూత్తాను, మోగిందేమోనని.”

దానితో ఆమె పెన్ను కింద పెట్టి మాట్లాడింది. ఆపద వచ్చినప్పుడు శరీరంలో కొన్ని రసాలు ఊరుతాయనీ, వాటిలో కార్టిసాల్ అనేది ఒకటనీ, ఆపద తీరగానే అది తగ్గాలనీ చెప్పింది. భయం నెలల తరబడి నడిస్తే అది తగ్గవలసినంత తగ్గదు. ఆకలిని పెంచుతుంది. అన్నాన్ని కాదని తీపినీ కొవ్వునూ కోరేట్టు చేస్తుంది. వచ్చిన కొవ్వును నడుము చుట్టూ చేరుస్తుంది. దానికి నిద్రలేమి తోడైతే ఆకలి మరింత రేగుతుంది, కదలడానికి ఓపిక ఉండదు. అందరికీ ఒకే తీరుగా జరగదనీ, కొందరు అదే దిగులుతో చిక్కిపోతారనీ కూడా ఆమె అన్నది. ఆ చివరి మాట విని నా కావ్యాలకు కొంత చోటు మిగిలిందని తలచాను.

“అయితే బెల్లం మానేత్తే సరిపోద్దాండీ?” అన్నాడు మేనల్లుడు. బెల్లం సంగతి ఆమె అడగలేదు. తానే చెప్పేశాడు.

“మానాలి. కానీ బెల్లాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ చెయ్యి మళ్ళీ అక్కడికే వెళ్తుంది. ముందు నిద్ర చూడండి. రాత్రి డ్యూటీ నుంచి వస్తే పగలు గది చీకటి చేసుకుని పడుకోండి. ఫోను వేరే గదిలో పెట్టండి. అన్నం వేళకి కొంచెమైనా కూర్చుని తినండి. నడక మానొద్దు. బీపీకి మాత్ర రాస్తాను. మళ్ళీ పరీక్షలోగా బరువంతా దిగదు. ఆ ఆశ పెట్టుకోకండి,” అని స్పష్టంగా చెప్పింది.

తిరుగుబస్సులో అతడు మాత్రల చీటీని మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. “దిగదంట,” అన్నాడు చివరికి. నేను తల ఊపాను.

చెల్లెలికి ఆ సంగతి చేరిన తీరు వేరు. ఆమె బల్ల కింద వంగి బోనులో కొబ్బరిముక్క మారుస్తుండగా, భర్త నోట అంతా విన్న కోడలు గుమ్మంలో నిలబడి అన్నది.

“అత్తా, ఎందుకా అవస్త? ఆ ఎలక్కి రోజూ కేరేజీ కడతన్నది నానే.”

చెల్లెలు వెనుకకు తిరిగింది. కోడలిని చూసింది, వెనుక తలవంచుకుని నిలబడిన కొడుకును చూసింది, అతని పొట్టను చూసింది. లేచి వస్త్రం తీసి, గోడవైపు దిమ్మను రెండు చేతులతో తిప్పింది. దోసిలి పట్టేంత గుంట.

“ఓలమ్మ! ఇదంతా నువ్వేరా?”

“నానే.”

ఆమె దిమ్మ పక్కనే నేల మీద కూలబడింది. అమ్మవారి సొత్తు తిన్న కొడుకును ఏమని తిడుతుందోనని నేను కొంచెం వెనుకకు జరిగాను. ఆమె ముఖంలో ఏదో లెక్క నడుస్తున్నట్లు కనబడింది.

“సరే. తిన్నదెక్కడికి పోయింది? ఆడి ఒంట్లోనే కదా ఉంది. రేపు తక్కెడలో కూకుంటే అది కూడా తూగుద్ది. అంతకంత బెల్లం ఆయమ్మకి ఎల్లిపోద్ది. ఆయమ్మ సొమ్ము ఆయమ్మకి సేరినట్టే,” అన్నది. తరువాత నా వైపు చూసి, “ఏం అన్నియ్యా, తప్పేటైనా ఉందా?” అని అడిగింది.

తర్కశాస్త్రం చదివినవాడిని. వెతికాను. తప్పు దొరకలేదు.

“అయితే ఇప్పుడే ఎల్లి తూసీద్దాం అత్తా,” అన్నది కోడలు.

“పని తేలకముందే మొక్కు తీర్సీడమా? ముందే ఇచ్చీత్తే ఆయమ్మకి మన పని గుర్తుంటదేటే?”

“ఆ బెల్లం ఇంట్లో ఉన్నన్నాల్లూ ఈ తలుపు తీసినప్పుడల్లా ఆయనకి పని సంగతే గుర్తొత్తంది. నాకూ అదే, నీకూ అదే. తీసుకెల్లి ఇచ్చీద్దాం. పని ఉంటే ఉంటది, నేకపోతే నేదు. మనిసున్నాడు కదా.”

చెల్లెలు ఆ పూట ఒప్పుకోలేదు. నాలుగు పూటలు కోడలితో మాట్లాడలేదు. అయిదవ పూట తనంతట తానే పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి, తరుగు పూడ్చడానికి ఇంకొక దిమ్మ తెచ్చి, “మంగళారం ఎల్దాం,” అన్నది.

రెండవ పరీక్ష ఆ సోమవారమే జరిగింది. ఫలితం చెప్పలేదు. ఫోను చేస్తామన్నారు.

మంగళవారం ఉదయం దిమ్మలన్నిటినీ ఆటోలో పేర్చుకుని మా ఊరికి వెళ్ళాము. గుడిలో జనం పలచగా ఉన్నారు. మేనల్లుడు స్నానం చేసి పంచె కట్టుకుని తక్కెడ పళ్ళెంలోకి ఎక్కబోయాడు.

“ఆగు. ఫోను కూడా తూగుద్ది, ఇలాగియ్యి,” అన్నది చెల్లెలు చేయి చాపి. ఇచ్చాడు. కాళ్ళు మడిచి కూర్చున్నాడు. గొలుసులు కిర్రుమన్నాయి, పళ్ళెం నేలకు తగిలింది. క్రేనులో ఇంతకాలం బరువులు ఎత్తినవాడు తానే బరువై కూర్చోవడం అతనికే వింతగా ఉన్నట్టుంది. తల ఎత్తి దూలానికి గొలుసు తగిలించిన కొక్కేన్ని పరీక్షగా చూశాడు.

కోడలూ చెల్లెలూ దిమ్మలు పేర్చసాగారు. గుల్లపడిన దిమ్మను చెల్లెలు గుంట కనబడకుండా బోర్లించి పెట్టింది. దాని మీద మరొకటి పెడుతుండగా ఆమె నడుములో దోపుకున్న ఫోను మోగింది. మేనల్లుడు పళ్ళెంలో నుండి లేవబోయాడు. తక్కెడ ఊగింది.

“కదిలితే తూకం పోద్ది. కూకో!” అని గద్దించి, ఆమె తానే ఫోను చెవిన పెట్టుకుంది. “ఎవలండీ? ... ఆ, ఆడి అమ్మని. ... ఆడు తక్కెడలో ఉన్నాడు. ... తక్కెడండీ, తక్కెడ. తూగినాక మాటాడతాడు.” పెట్టేసి, ఫోనును మళ్ళీ నడుములో దోపి, తరువాతి దిమ్మ అందుకుంది.

చివరి దిమ్మతో దండె సమానమైంది. కొడుకు నేల విడిచి గాలిలోకి లేచేవరకు చెల్లెలు దండె మీద నుండి చూపు తిప్పలేదు. పూజారి హారతి ఇచ్చి, ఒక దిమ్మ పగలగొట్టి తొలిముక్క మేనల్లుని చేతిలో పెట్టాడు. అతడు దానిని కొంతసేపు అరచేతిలో ఉంచుకుని, కొన విరిచి నోట వేసుకుని, మిగిలినది భార్యకు ఇచ్చాడు.

తరువాత బయట మెట్టు మీద కూర్చుని ఫోను చేశాడు. మేము ముగ్గురం చెప్పుల దగ్గర నిలబడి చూస్తున్నాము. “సరే సార్... ఎప్పుడ్నుంచి సార్... సరే.” ఎక్కువ మాటలు లేవు.

“బీపీ తగ్గిందంట. బరువు తగ్గనేదు. క్యాబిన్‌లోంచి దించీసినారు,” అన్నాడు. “కింద నిలబడి క్రేనుకి సిగ్నల్ ఇచ్చే పని. పగటి డూటీ. జీతం కొంచెం తక్కువ. బరువు తగ్గితే అప్పుడు మల్లీ సూత్తామన్నారు.”

చెల్లెలు గుడివైపు తిరిగి ఒకసారి చూసింది. ఆమె అడిగినది ఇది కాదు. అలాగని కానిది కూడా కాదు. కొంగు సర్దుకుని, “ఆకలేత్తందా?” అన్నది కొడుకుతో.

“ఏత్తంది. అన్నం తింటాను,” అన్నాడు.

గుడి వెనుక వంటశాలలో ప్రసాదం అన్నం పెట్టారు. రెండవసారి అడిగి వేయించుకున్నాడు.

అతని ఒళ్ళు తగ్గడం తరువాతి సంగతి. ఇప్పటికీ మెల్లగానే తగ్గుతున్నది, కొన్ని నెలలు తగ్గనూ లేదు. క్యాబిన్ సంగతి ఇంకా తేలలేదు. నేను చెప్పదలచినది ఆ మంగళవారం తిరుగు ప్రయాణమే. ఖాళీ ఆటోలో అతడు తల్లికీ భార్యకూ నడుమ కూర్చున్నాడు, నేను ముందు డ్రైవరు పక్కన. ఊరి పొలిమేర దాటకముందే అతని తల తల్లి భుజం మీదికి ఒరిగింది. పెందుర్తి దగ్గర లారీల హారన్లకు కూడా కదలలేదు. నోరు కొంచెం తెరుచుకుని, గురక పెడుతూ నిద్రపోయాడు. అతడు అలా నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఫోను చెల్లెలి నడుములోనే ఉంది.

గోపాలపట్నంలో మా వీధి మలుపు వచ్చింది. డ్రైవరు వేగం తగ్గించాడు. నేను వెనుకకు తిరిగి, అతనిని లేపడానికి చేయి చాపాను.

“లేపకు అన్నియ్యా,” అన్నది చెల్లెలు గొంతు తగ్గించి. తరువాత ముందుకు వంగి డ్రైవరుతో అన్నది: “బాబూ, ఇంకో సుట్టు తిప్పీ.”